ఉగ్రవాదం మీద వ్యంగ్యం రాయాలంటే: గురి, సమయం, జాగ్రత్తలు

ఉగ్రవాద ముఠాకు ఆయుధంకన్నా ముందు కావలసింది భయం. పదిమంది చేసిన పని వెనక పదివేలమంది ఉన్నట్టు కనబడాలి. చంపినవాడు వీరుడిలా కనబడాలి. చూసినవాళ్లు నోరెత్తకూడదు. వ్యంగ్యం తూటాను ఆపలేదు, పోయిన ప్రాణాన్ని తీసుకురాలేదు. ఆ వీరవేషంలో గాలి మాత్రం తీసేయగలదు. మేకపోతు గాంభీర్యం అని మనకో మాట ఉంది. ముఠా చూపించే గాంభీర్యం అసలు ఎక్కడ మేకపోతుదో వెతికి పట్టుకుని, అక్కడే జనాన్ని నవ్వించాలి. గురి అక్కణ్నుంచి ఒక్క అంగుళం పక్కకు జరిగినా దెబ్బ చనిపోయినవాళ్లకో, ఏ పాపం ఎరగని ఇంకో సమూహానికో తగులుతుంది. అందుకే ఈ పనిలో చమత్కారంకన్నా కొలత ముఖ్యం.

ఎవరికోసం రాస్తున్నారు?

మొదటి వాక్యం రాసేముందే ఇది తేలాలి. ఉగ్రవాదం మీద రాసిన దాన్ని మూడు రకాల మనుషులు చదువుతారు: భయపడి ఉన్న మామూలు జనం, ముఠా మాటలకు సగం మొగ్గిన కుర్రాళ్లు, ముఠా పేరు చెప్పి ఒక మతాన్నో జాతినో మొత్తంగా అనుమానించేవాళ్లు. ముగ్గురికీ ఒకే ముక్క పనిచేయదు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు మొదటివాళ్లకోసం రాయండి. వాళ్ల భుజాల మీది బరువు కాస్త దించడం మీకు సాధ్యమయ్యే పని. రెండోవాళ్ల మనసు మార్చడం చాలా కష్టం, బయటివాళ్లు చేస్తే బెడిసికొడుతుంది కూడా.

2014లో అమెరికా విదేశాంగ శాఖ ఐసిస్ మీద ఒక వెటకారపు వీడియో వదిలింది. ‘రండి, చేరండి’ అన్నట్టు ప్రకటనలా సాగుతుంది అది. అందులో వాడినవి చాలావరకు ముఠా తీసుకున్న దృశ్యాలే. తప్పు రెండుచోట్ల జరిగింది. మాట్లాడుతున్నది అమెరికా ప్రభుత్వం, అంటే ఆ కుర్రాళ్లు ముందునుంచీ నమ్మని గొంతు. పైగా ముఠా తన ప్రచారం కోసం తీసిన రక్తపు దృశ్యాలే మళ్లీ తెరమీద ఆడాయి. మాటలు వెటకరిస్తున్నా బొమ్మ మాత్రం ముఠా బలాన్నే చాటుతుంది. అదే ఏడాది ఇరాక్ టీవీలో ఐసిస్ మీద హాస్య ధారావాహిక వచ్చింది. అక్కడ నవ్వుతున్నది ముఠా దెబ్బ తిన్న జనమే, వాళ్ల యాసలోనే, తమ వీధుల్లో కనబడే మనుషుల మీదే. ముఠా ఎవరి తరఫున మాట్లాడుతున్నానని చెప్పుకుంటుందో ఆ జనం నోటివెంట వచ్చే నవ్వుకు ఉన్న పదును బయటివాళ్లకు రాదు. మీరు బయటివాళ్లయితే ఆ జనంలో ఒకరిని జతగా కలుపుకోండి. చివర్లో అభిప్రాయం అడగడానికి కాదు, మొదటి రోజునుంచే కలిసి రాయడానికి.

ఎప్పుడు రాయాలి, ఎప్పుడు కలం మూయాలి

దాడి జరిగిన మొదటి 48 గంటలు దాడి గురించి హాస్యం వద్దు. బందీలు ఇంకా లోపలే ఉంటే, కనబడకుండా పోయినవాళ్ల కోసం కుటుంబాలు వెతుకుతుంటే ఆ గడువు కూడా లెక్కలోకి రాదు, అది తేలేదాకా ఆగాల్సిందే. అప్పటికి ఎంతమంది పోయారో, ఎవరు చేశారో సరిగా తెలియదు కాబట్టి మీ వ్యంగ్యం నిలబడే నేలే ఉండదు. మొదటి గంటల్లో అనుమానితుడన్న మనిషి మర్నాటికి అమాయకుడని తేలడం మామూలే.

ఆ గంటల్లో కూడా నవ్వుకు ఒక సందు ఉంటుంది. అది ఎలాంటిదో బ్రస్సెల్స్ చూపించింది. 2015 నవంబర్ 22న ఆ నగరం అత్యున్నత హెచ్చరిక కింద ఉంది, పోలీసులు సోదాలు చేస్తున్నారు. వాళ్ల కదలికల గురించి సామాజిక మాధ్యమాల్లో ఏమీ రాయొద్దని జనాన్ని అడిగారు. జనం #BrusselsLockdown అనే హ్యాష్‌ట్యాగ్‌ను పిల్లుల ఫోటోలతో నింపేశారు. తర్వాత పోలీసులు ఒక గిన్నెడు పిల్లి మేత బొమ్మ పెట్టి, సాయం చేసిన పిల్లులన్నీ తినండి అన్నారు. ఇది ఎందుకు కుదిరిందో గమనించండి. అందులో బాధితుడు లేడు, దాడి చేసినవాడు లేడు, మతం లేదు. పోలీసుల జాడ ఎవరైనా రాసినా ఆ పిల్లుల గుంపులో కలిసిపోతుంది కనక పని కూడా జరిగింది. ఇళ్లలో బిక్కుబిక్కుమంటూ కూర్చున్నవాళ్లకు చేతులకు ఏదో పని దొరికింది. మొదటి రెండు రోజుల్లో ఏమైనా చేయాలనిపిస్తే బాధితుడు లేకపోవడం, దాడి చేసినవాడు లేకపోవడం, మతం లేకపోవడం, జనానికి పనికొచ్చేది ఏదో జరగడం: ఈ నాలుగూ ఉన్నాయో లేదో చూసుకోండి. ఒక్కటి తగ్గినా ఆపేయండి.

ఆ తర్వాత రెండు వారాలదాకా గురి మీ వైపు జనం మీదే ఉంచండి: వాళ్ల నిస్సహాయత, మొండితనం, చిన్న చిన్న దయలు. 2001 సెప్టెంబర్ 11 దాడుల తర్వాత ది ఆనియన్ అనే వ్యంగ్య పత్రిక 15 రోజులకు, సెప్టెంబర్ 26న, తన సంచిక తెచ్చింది. అందులో రెండు ముక్కలు ఇప్పటికీ పాఠాలే. ఒకటి: విమానాలు హైజాక్ చేసినవాళ్లు తాము నరకంలో తేలామని తెల్లబోవడం. గురి నేరుగా చంపినవాళ్ల మీద, వాళ్లు తమకు తాము చెప్పుకున్న కథ మీద. రెండోది: ఏం చేయాలో తోచక ఒకావిడ జెండా ఆకారంలో కేకు చేయడం. అందులో ఎగతాళి లేదు. కేకు ఎవరికీ ఏమీ చేయదని ఆమెకూ తెలుసు, చదివేవాళ్లకూ తెలుసు, అయినా చేతులు ఊరుకోవు. కోపానికి ఒక ముక్క, దుఃఖానికి ఒక ముక్క. ఒకే సంచికలో రెండూ ఉండబట్టే ఆ నవ్వు కటువుగా లేదు. మీరు వరసగా రాయబోతుంటే ఈ జోడీని గుర్తుంచుకోండి, ముందు దుఃఖం ముక్క రాయండి.

ఆలస్యానికీ హద్దుంది. 2012లో అమెరికాను తాకిన శాండీ తుఫాను మీద జోకులు ఎప్పుడు నవ్విస్తున్నాయో మనస్తత్వ పరిశోధకులు కొలిచారు. మొదటి రోజుల్లో పడిపోయిన నవ్వు, 36వ రోజు దగ్గర బాగా పెరిగి, మూడు నెలలు దాటేసరికి మళ్లీ చల్లబడింది. తుఫానుకు హంతకుడు ఉండడు కాబట్టి ఆ అంకెను యథాతథంగా ఇక్కడికి తేకూడదు. గాయం మరీ పచ్చిగా ఉన్నా, మరీ మానిపోయినా నవ్వు పుట్టదన్న సంగతి మాత్రం తీసుకోండి.

ముడిసరుకు ఎక్కడ దొరుకుతుంది

తెల్లకాగితం మీద నిలువుగా గీత గీయండి. ఎడమవైపు ముఠా తన గురించి చెప్పుకునే మాటలు, కుడివైపు అది నిజంగా చేసిన పనులు. రెండువైపులా కనీసం పదేసి వచ్చేదాకా జోకు ఊసెత్తకండి. కుడివైపు రాసే ప్రతిదానికీ నమ్మదగిన ఆధారం ఉండాలి: కోర్టు పత్రాలు, పేరున్న వార్తాసంస్థలు, ముఠా వదిలిపోయిన కాగితాలు. పుకారు మీద కట్టిన వ్యంగ్యాన్ని ముఠాయే సులువుగా కూలగొట్టి, ‘చూశారా, వీళ్లంతా అబద్ధాలకోరులు’ అంటుంది.

2013లో మాలీ దేశంలోని టింబక్టులో అల్ ఖైదా వర్గం వదిలేసి పారిపోయిన కాగితాలు అసోసియేటెడ్ ప్రెస్ విలేకరులకు దొరికాయి. వాటిలో వందకు పైగా ఖర్చుల రసీదులు: సబ్బు, మాకరోనీ, మస్టర్డ్ సాస్. ఆ విలేకరులకే దొరికిన 2012 అక్టోబర్ నాటి ఉత్తరంలో పైవాళ్లు మొఖ్తార్ బెల్మొఖ్తార్ అనే నాయకుడికి చీవాట్లు పెట్టారు: ఫోన్ ఎత్తవు, ఖర్చుల లెక్కలు పంపవు, సమావేశాలకు రావు. ప్రపంచాన్ని గడగడలాడిస్తామన్నవాళ్ల అసలు తగాదా ఓచర్ల గురించి. గడ్డాలూ తలపాగాల మీద వేసిన వంద బొమ్మలకన్నా ఈ ఒక్క రసీదు విలువైన సరుకు. ఎందుకంటే ఇది వాళ్లు ఎంచుకుని చేసిన పని, పుట్టుకతో వచ్చినది కాదు.

ఇప్పుడు దీన్ని ముక్కగా ఎలా మలుస్తారో దగ్గరగా చూద్దాం. రూపం: ముఠా లెక్కల విభాగం అతికించిన నోటీసు. మొదటి ప్రయత్నం సాధారణంగా ఇలా వస్తుంది: ‘ఈ మూర్ఖులు, రాక్షసులు రసీదులు కూడా దాచుకుంటారు.’ ఇది తిట్టు. తిట్టులో మలుపు లేదు, చదివేవాడు కనుక్కోవడానికి ఏమీ మిగల్లేదు. రెండో ప్రయత్నం: ‘రసీదు జతచేయనివారికి స్వర్గ ప్రయాణ భత్యం మంజూరు కాదు.’ నవ్వొస్తుంది. కానీ గురి లెక్కల గుమాస్తా మీదనుంచి స్వర్గం మీదికి జారింది. అదే విశ్వాసం ఉండి, ముఠాను అసహ్యించుకునే లక్షలమందికి ఇది గుచ్చుకుంటుంది. కొట్టేయండి. మూడో ప్రయత్నం: ‘దాడులన్నిటికీ బాధ్యత మాదే. రసీదు లేని మస్టర్డ్ సాస్ సీసాకు మాత్రం సంస్థ ఎలాంటి బాధ్యతా వహించదు.’ ఇది నిలబడుతుంది. ‘బాధ్యత వహిస్తున్నాం’ అని ప్రకటించడం ముఠాల సొంత మాట. ఆ మాట పక్కన సాస్ సీసాను పెట్టగానే డాంబికం దానంతటదే కూలిపోతుంది. మీరు అదనంగా ఒక్క విశేషణం కూడా వాడలేదు. అయితే ఆ ముఠా ఈ మధ్యే ఎవరినైనా చంపి ఉంటే మొదటి వాక్యం తీసేసి, కొన్నాళ్లు రసీదు మీదే నడపండి.

నిజమైన వివరాన్ని ఉన్నదానికన్నా ఒక్క మెట్టే పైకి ఎక్కించండి. మూడు మెట్లు ఎక్కిస్తే అది కల్పన అయిపోతుంది, అసలు కాగితానికున్న బలం పోతుంది.

ఆధారం నిజమే అయినా గురి తప్పే సందర్భం ఇంకోటి ఉంది. 2006 మే నెలలో అమెరికా సైన్యం ఇరాక్‌లోని అల్ ఖైదా నాయకుడు అబూ ముసబ్ అల్ జర్కావీ ప్రచార వీడియోలోంచి అతను కత్తిరించి పారేసిన భాగాలు బయటపెట్టింది. మెషిన్‌గన్ ఇరుక్కుపోతే అతనికి తీయడం రాలేదు, పక్కనున్నవాడు వచ్చి సరిచేశాడు. కాళ్లకు అమెరికన్ బూట్లు. కాలుతున్న గొట్టాన్ని ఒక అనుచరుడు పట్టుకున్నాడు. సైన్యం ‘తుపాకీ పేల్చడం కూడా రాదు’ అన్న కోణం ఎత్తుకుంది. ఆ తుపాకీ అలవాటు లేనివాళ్లకు నిజంగానే కష్టమైనదని మాజీ సైనికులే అన్నారు, దాంతో చురక సగం చచ్చింది. అసలు సరుకు పక్కనే ఉంది: ఎడిట్ చేసి చూపించిన వీరుడికీ, కత్తిరించి పారేసిన ముక్కల్లోని మనిషికీ మధ్య తేడా. చేతకానితనం మీద నవ్వితే రేపు వాడు చేతనైనవాడిగా తేలొచ్చు. బూటకం మీద నవ్వితే వాడికి తప్పించుకునే దారి లేదు.

ఏ రూపం ఎంత ఉండాలి

కార్టూన్‌లో మాటలు 20 దాటకూడదు, బొమ్మలో ముఖ్యమైన వస్తువు ఒక్కటే ఉండాలి. నకిలీ వార్త 200 నుంచి 350 పదాలు. శీర్షికలోనే మలుపు తెలియాలి, రెండో పేరాకల్లా ఇది వ్యంగ్యమని ఎవరికైనా అర్థమవ్వాలి. స్కిట్ 90 సెకన్ల నుంచి మూడు నిమిషాలు. అంతకు మించితే ముఠా మనిషి పాత్ర మీద ప్రేక్షకుడికి మెల్లగా ఇష్టం పుడుతుంది. నటుడు బాగా చేసేకొద్దీ ఇది జరుగుతుంది, రచయితలు తరచూ గమనించని పొరపాటు ఇదే. విరుగుడు: ఆ పాత్ర ఎప్పుడూ సన్నివేశంలో గెలవకూడదు, తెలివైన మాట ఎప్పుడూ ఎదుటివాళ్ల నోట రావాలి.

మీమ్‌లకు 2015లో ఐసిస్ మీద వచ్చిన బాతుల బొమ్మలు మంచి నమూనా. ముఠా ప్రచార ఫోటోల్లో మనుషుల తలల చోట రబ్బరు బాతు తలలు, తుపాకుల చోట టాయిలెట్ బ్రష్షులు పెట్టారు. ముఖం పోయింది, ఆయుధం పోయింది, మిగిలింది ఫోజు. ఫోటోను అలాగే ఉంచి కింద జోకు రాస్తే ముఠా ప్రచారం మీ ద్వారా ఇంకో పదిచోట్లకు వెళ్లినట్టే. కాబట్టి నియమం: ముఠా బొమ్మ వాడితే అందులో ముఖం, ఆయుధం, జెండా, చిహ్నం నాలుగూ మారిపోవాలి. బందీ గానీ బాధితుడు గానీ ఉన్న బొమ్మను అసలు ముట్టుకోకండి. 2015 జనవరిలో ఇద్దరు జపాన్ పౌరులు ఐసిస్ చేతిలో బందీలుగా ఉన్నప్పుడు, ఆ బెదిరింపు వీడియో బొమ్మను మార్చి జపాన్‌లో చాలామంది హాస్యచిత్రాలు చేశారు. భయపడడం లేదని చెప్పడమే వాళ్ల ఉద్దేశం. కానీ ఆ చిత్రాల్లో ముఠా మనిషితోపాటు మోకాళ్ల మీద ఉన్న బందీలూ ఉన్నారు. తర్వాత ఇద్దరినీ చంపేశారు. ఆ కుటుంబాలు ఆ చిత్రాలు చూస్తే ఎలా ఉంటుందో ఒక్క నిమిషం ఆలోచిస్తే ఈ నియమం ఎందుకో వేరే చెప్పనక్కర్లేదు.

వీధిలో చేసే వ్యంగ్యానికి మరో లెక్క ఉంది. జర్మనీలోని వున్‌సీడెల్ పట్టణంలో నవ నాజీలు ఏటా ఊరేగింపు చేసేవాళ్లు. 2014 నవంబర్‌లో ఊరివాళ్లు ముందే దాతలను కూడగట్టి, వాళ్లు నడిచే ప్రతి మీటరుకూ 10 యూరోలు విరాళంగా పెట్టారు. ఆ డబ్బు వెళ్లేది తీవ్రవాద ముఠాలనుంచి మనుషులను బయటికి తెచ్చే ఎగ్జిట్ డాయిచ్‌లాండ్‌కు. దారి పొడవునా ఎంత దూరం నడిచారో, ఎంత పోగైందో రోడ్డు మీదే రాశారు, అలసిపోతారని అరటిపళ్లు పెట్టారు, చివర్లో అభినందనలు చెప్పారు. 10,000 యూరోలు పోగయ్యాయి. నడిస్తే తమ శత్రువుకే డబ్బు, నడవకపోతే ఊరు గెలిచినట్టు. ఇలాంటిది చేయాలంటే దాతల మాట ముందే కాగితం మీదికి ఎక్కాలి, అధికారుల అనుమతి ఉండాలి, మీవాళ్లెవరూ ఎదురుగా వెళ్లి తోపులాటకు దిగకూడదు. ఒక్క తోపులాట జరిగితే మర్నాడు పేపర్లో వచ్చేది అదే. ఇది బహిరంగంగా ఊరేగే గుంపులకే పనికొస్తుంది. ఆయుధాలున్న రహస్య ముఠాల దగ్గర ఇలాంటి ప్రయోగం కొరివితో తల గోక్కోవడమే.

బయటికి పంపే ముందు

రాసిన ముక్కను ఒక రాత్రి పక్కన పెట్టండి. మర్నాడు ఈ పరీక్షలు పెట్టండి.

1. మార్పిడి పరీక్ష. ముఠా మనిషి స్థానంలో వేరే మతం, వేరే భావజాలం ఉన్న ముఠా మనిషిని పెట్టండి. జోకు ఇంకా నిలబడితే గురి ఉగ్రవాదం మీద ఉన్నట్టు. వేషం, యాస, పేరు మారగానే జోకు చచ్చిపోతే గురి ఒక జనం మీద ఉన్నట్టు.

2. కత్తిరింపు పరీక్ష. శీర్షిక, మీ పేరు, కింది వ్యాఖ్య అన్నీ తీసేసి బొమ్మ ఒక్కటే చూడండి. బయట తిరిగేది అదే. 2008 జులైలో న్యూయార్కర్ పత్రిక ముఖచిత్రం ఒబామా దంపతులను ఉగ్రవాదులుగా చూపించింది. అలా ప్రచారం చేసేవాళ్లను ఎగతాళి చేయడమే ఉద్దేశం. కానీ ఆ ప్రచారం చేసేవాడు బొమ్మలో ఎక్కడా లేడు, బొమ్మ మాత్రం అచ్చంగా వాళ్ల ప్రచారంలాగే ఉంది. ఎవరి మీద నవ్వాలో ఆ మనిషి చట్రం లోపలే ఉండాలి.

3. ఐదుగురు చదువరులు. మీ స్నేహబృందం బయటివాళ్లు కావాలి, ఇద్దరైనా ముఠా తమ ప్రతినిధినని చెప్పుకునే సమూహంవాళ్లు కావాలి. ‘బాగుందా’ అని అడగకండి, మర్యాదకు బాగుందంటారు. ‘ఇందులో ఎవరి మీద నవ్వుతున్నాం’ అని అడగండి. ఐదుగురిలో ఇద్దరు వేరే జవాబు చెప్పినా తిరగరాయాలి.

4. ఆప్తులను పోగొట్టుకున్నవాళ్లు ఇది చూస్తారని అనుకుని ఒకసారి చదవండి. పరీక్షకోసం వాళ్లకు పంపడం మాత్రం వద్దు, ఆ భారం వాళ్ల మీద మోపకూడదు.

చట్టం సంగతి విడిగా చూసుకోవాలి. నిషేధిత సంస్థల చిహ్నాలు, వీడియోలు చూపించడం, పంచుకోవడం చాలా దేశాల్లో నేరం. వెటకారానికే వాడామన్న వాదన అన్నిచోట్లా చెల్లదు. సామాజిక మాధ్యమాల యంత్రాలకైతే వ్యంగ్యం అర్థం కాదు, జెండా కనబడితే ఖాతా మూసేస్తాయి. చిహ్నాన్ని మార్చేయమన్న నియమం ఇక్కడా కాపాడుతుంది.

ప్రాణభయం ఊహ కాదు. ఫ్రాన్స్‌లో షార్లీ ఎబ్డో అనే వ్యంగ్య పత్రిక కార్యాలయం మీద 2011 నవంబర్‌లో పెట్రోలు బాంబు పడింది. 2015 జనవరి 7న అక్కడ జరిగిన దాడిలో 12 మంది చనిపోయారు. అదే ఏడాది సౌదీ నటుడు నాసర్ అల్ కసబీకి ఐసిస్ మీద చేసిన టీవీ హాస్యానికి చంపుతామని బెదిరింపులొచ్చాయి. కాబట్టి ముక్కకింద ఎవరి పేరు వేయాలో జట్టులో ప్రతి ఒక్కరినీ విడివిడిగా అడగండి. అందరిముందు అడిగితే వద్దనడానికి మొహమాటపడతారు. ఫోటోల్లోంచి తీసిన చోటు, సమయం వివరాలు తొలగించండి. ఇంటి చిరునామా, పిల్లల బడి కనబడే పాత పోస్టులు ముందే తీసేయండి. బెదిరింపు వస్తే జవాబివ్వకండి, చెరిపేయకండి. స్క్రీన్‌షాట్ తీసి, తేదీ సమయంతో భద్రపరచి పోలీసులకు ఇవ్వండి. తెరవెనక ఉండాలనుకున్నవాళ్లను పిరికివాళ్లన్నట్టు చూడకండి. ఇది ఎవరి ప్రాణానికి వాళ్లే తీసుకోవలసిన నిర్ణయం.

విడుదలయ్యాక మొదటి మూడు గంటలు ఎవరో ఒకరు వ్యాఖ్యలు కాస్తూ ఉండాలి. లైకులు లెక్కపెట్టడానికి కాదు, ఎవరు పంచుకుంటున్నారో చూడడానికి. ఒక సమూహాన్ని తిట్టిపోసే పేజీలు మీ ముక్కను సంతోషంగా ఎత్తుకుంటుంటే, మీ ఉద్దేశం ఏదైనా, అది వాళ్ల చేతిలో ఆయుధమైనట్టే. దించేయండి. ఏం పొరపాటు జరిగిందో మూడు నాలుగు వాక్యాల్లో చెప్పండి. ‘ఎవరైనా బాధపడి ఉంటే’ లాంటి మాటలు వద్దు. బాధపడ్డవాళ్లు ఎదురుగా ఉన్నప్పుడు ‘ఉంటే’ అన్న మాట పుండు మీద కారం. ఈ నాలుగు వాక్యాలూ విడుదలకు ముందే రాసి పెట్టుకోవడం మేలు, కంగారులో మంచి మాటలు రావు.

ముందే సమయం పెట్టి ఉంచిన పోస్టుల పట్టిక జట్టులో కనీసం ఇద్దరి చేతిలో ఉండాలి. ప్రపంచంలో ఎక్కడ దాడి జరిగినా, వార్త తెలిసిన వెంటనే ఇద్దరిలో ఎవరు మెలకువగా ఉంటే వాళ్లు, ఎవరినీ అడగకుండా, అన్నిటినీ ఆపేయాలి.